ఛాయాచిత్రమున వాలిన యింటిని నిలువబెట్టుట

ఇంటి లెక్కలు వ్రాసికొనుట, పిల్లలకు చదువు చెప్పుట, ఊరగాయలు చెడకుండ కాపాడుట మొదలగు పనులవలెనే, కుటుంబమునకు సంబంధించిన ఛాయాచిత్రములను భద్రపఱచుటయు నేడు గృహిణి పనులలో నొకటి యైనది. పూర్వము పెండ్లికో, షష్టిపూర్తికో స్టూడియోకు బోయి ఒక్క ఫొటో తీయించుకొనెడివారు. ఇప్పుడు ప్రతి చేతిలోను ఫోనున్నది. ప్రతి ఫోనులోను కెమేరా యున్నది. తీయుట సులభమైనది గాని, తీసినదానిని పరీక్షించి చూచుట యింకను మనకు అలవడలేదు. కట్టడములను, గోడలను, గోడమీది పటములను తీసినపుడు నిలువుగీతలు వాలిపోయి కనబడుట తఱుచుగా గలుగు లోపము. అది యేల కలుగునో, దానిని కంప్యూటరు మీదను ఫోనులోను దిద్దుట యెట్లో, ఎంతవఱకు దిద్దుట న్యాయమో సోదరీమణులకు మనవి చేసెదను.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలలో నివసించువారికి ఈ విషయము మఱింత యవసరము. ఇచ్చట పాత పెంకుటిండ్లును, రెండంతస్తుల డాబాలును ఒకదాని వెనుక నొకటి పడగొట్టబడి, వాని స్థానమున అపార్టుమెంట్లు లేచుచున్నవి. బిల్డరునకు ఇల్లప్పగించుటకు ముందు కుటుంబమువారందఱు కూడి ఆ యింటి ఫొటో నొకటి తీసికొనుట పరిపాటి యైనది. ఇల్లు పోయిన పిదప దాని రూపమును మనుమలకు చూపగలది ఆ చిత్రమొక్కటే. కాని సందు ఇఱుకు. వెనుకకు జరుగుటకు చోటుండదు. ఎదుటి గోడకు వీపానించి నిలిచినను ఇల్లంతయు కెమేరాలో పట్టదు. కాన ఫోనును పైకి వాల్చి తీయుదురు. పెద్ద వీధిలోనైనను సౌకర్యము తక్కువయే. 2020 ఫిబ్రవరి 7వ తేదీన ప్రారంభింపబడిన మెట్రో మార్గము ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా పోవుచున్నది. ఆవలి ప్రక్కకు బోయి తీసినచో దాని స్తంభము అడ్డు వచ్చును. ఈవలనే నిలిచినచో కెమేరా తల యెత్తవలసి వచ్చును.

మా వీధిలో ఎనుబదియేండ్లు దాటిన యొక పెద్దమ్మగారున్నారు. వారి యింటిని పడగొట్టుటకు ముందు మనుమడు వచ్చి, సందులో నిలిచి ఫొటో తీసి, పెద్దదిగా అచ్చు వేయించి తెచ్చెను. ఆమె కంటద్దములు పెట్టుకొని చూచి, "ఇదేమిట్రా నాయనా! మన ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టుంది. మీ తాత కట్టించిన గోడ ఒక్క అంగుళం వాలలేదు. వాళ్ళు పడగొట్టకముందే నువ్వు ఫొటోలో పడగొట్టావా?" అనిరి. ఆ మాటలో హాస్యము కొంత, దుఃఖము కొంత గలదు. నిజమునకు ఆ గోడలు నిలువుగనే యుండెను. చిత్రమున మాత్రము పైకి పోయినకొలది అవి యొకదానివైపొకటి ఒఱగి, ఇల్లు గోపురమువలె సన్నగిల్లెను. తప్పు పిల్లవానిది కాదు, సందుది.

దీనికి కారణము సులభముగా గ్రహింపవచ్చును. దగ్గఱి వస్తువు పెద్దదిగను, దూరపు వస్తువు చిన్నదిగను కనబడుట మనకు తెలిసినదే. రైలుపట్టాలు దూరమున నొకటి యైనట్లు తోచుట యిందుచేతనే. ఈ సంగతి మన పూర్వులకు క్రొత్త కాదు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము, బొమ్మ వ్రాయువాడు నేర్వవలసినవానిలో క్షయవృద్ధులను చెప్పుచున్నది. అనగా మనుజుడు నిలిచిన భంగిమను బట్టి యే యవయవము తగ్గి కనబడునో, ఏది హెచ్చి కనబడునో తెలిసి వ్రాయుట. కాళిదాసును శాకుంతలము తొలి యంకమున, పరుగిడు రథము మీదనుండి చూచువానికి వస్తువుల పరిమాణము మాఱినట్లు తోచుటను దుష్యంతుని నోట చెప్పించెను.

ఇక కెమేరా సంగతి. కెమేరాలో చిత్రము పడు పలక యొకటి కలదు. ఆ పలక గోడకు సమాంతరముగా నున్నంతవఱకు గోడమీది నిలువుగీతలు చిత్రమునను సమాంతరముగనే యుండును. కెమేరాను పైకి వాల్చినంతనే పలక యొరుగును. అప్పుడు గోడ యడుగుభాగము దగ్గఱ, పైభాగము దూరము అగును. కావున అడుగు వెడల్పుగను, పైన సన్నముగను పడును. ఇంటిలోనే దీనిని పరీక్షింపవచ్చును. రాత్రివేళ టార్చిదీపమును గోడకు ఎదురుగా బట్టినచో వెలుగు గుండ్రముగా పడును. కొంచెము పైకి వాల్చి పట్టినచో ఆ వెలుగే కోడిగ్రుడ్డువలె సాగును. దీపము మాఱలేదు, గోడ మాఱలేదు. వాలు మాత్రమే మాఱినది. మనము వీధిలో నిలిచి తలయెత్తి చూచునపుడును కంటిలో నిట్టి చిత్రమే పడును గాని, గోడ నిలువుగా నున్నదని మనస్సు ఎఱుగును గనుక దానిని తానే సవరించుకొనును. కాగితముమీది బొమ్మను చూచునపుడు ఆ సవరణ జరుగదు.

ఈ లోపమును దిద్దుట కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. పూర్వపు పెద్ద కెమేరాలలో ముందటి కటకమునకును, వెనుకటి గాజుపలకకును నడుమ తోలుతిత్తి యుండెడిది. అట్టివానిలో పెక్కింటియందు పలకను నిలువుగా నుంచి, కటకమును మాత్రము పైకి జరుపుటకు వీలుండెను. అట్లు జరిపినచో కెమేరాను వాల్చకయే కట్టడపు శిఖరము చిత్రములో పడును. కట్టడముల చిత్రములకు పేరుగాంచిన రాజా దీనదయాళుగారు మన హైదరాబాదు సంస్థానమునకు సంబంధించినవారే. ఆయన 1844లో మీరట్టు దగ్గఱి సర్ధానాలో జన్మించి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో కట్టడముల శాఖలో పనిచేసి, పిదప ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. కట్టడమును గీతలలో గీయ నేర్చినవాడు గనుక, నిలువుగీత విలువ ఆయనకు తెలియును. సోదరీమణులు మఱియొకటి గమనింపదగును: ఘోషా స్త్రీలు పరపురుషుల యెదుటికి రాకయే చిత్రము తీయించుకొనుటకై ఆయన 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా జెనానా స్టూడియో నొకదానిని తెఱిపించి, కెనీ లెవిక్ అను దొరసానికి దాని నొప్పగించెను. ఆయన 1905లో గతించెను. ఆయన గాజుపలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి.

తిన్నని చిత్రము అందమునకు మాత్రమే కాదు, కొలతకును పనికివచ్చును. జర్మనీలో మైడెన్‌బవర్ అను వాస్తుశిల్పి 1858లో వెట్జ్‌లార్ నగరపు ప్రార్థనామందిరమును కొలుచుచు పైనుండి పడబోయి తృటిలో తప్పించుకొనెను. గోడలెక్కి కొలుచుటకు మాఱు ఫొటోలనుండియే కొలతలు తీయరాదా యని అప్పుడాయనకు తోచెను. ఆ యాలోచనయే పెరిగి, 1885లో బెర్లినున కట్టడములను ఛాయాచిత్రములద్వారా కొలుచు ప్రభుత్వసంస్థ యేర్పడెను. కట్టడము పోయినను, కొలతకు దొరకు చిత్రము మిగిలినచో దాని రూపము పూర్తిగా పోలేదన్నమాట.

ఇక దిద్దుబాటు. మొదట చెప్పవలసినది, తీయునపుడే సగము దిద్దుకొనవచ్చునని. వీలైనచో ఎదుటి యింటివారి నడిగి వారి మొదటి అంతస్తునుండి తీయవలెను. ఇంటి యెత్తులో సగమునకు సరిగా కెమేరా యున్నచో వాల్చవలసిన పనియే లేదు. అట్టి వీలు లేనిచో, ఫోనును నిలువుగా బట్టి, వాల్చక, ఇల్లు చిత్రపు పైసగములోనికి వచ్చునట్లు తీసి, క్రిందవచ్చిన వీధి భాగమును తరువాత కత్తిరింపవచ్చును. పూర్వులు కటకమును పైకి జరిపిరి, మనము అడుగుభాగమును కత్తిరింతుము, ఫలమొక్కటే. ఫోను తెరమీద అడ్డు నిలువు గీతలు కనబడునట్లు అమర్చుకొనినచో వాలు వెంటనే తెలియును. వాల్చక తప్పనిచో, ఇంటికి నాలుగు ప్రక్కల కొంత చోటు వదలి తీయవలెను; దిద్దునపుడు అంచులు కొంత పోవుట నిశ్చయము.

పిదప దిద్దుటకు సాధనములు పెక్కులున్నవి. గూగుల్‌వారి స్నాప్‌సీడ్ ఉచితముగా దొరకును. అందులో పర్‌స్పెక్టివ్ అను పనిముట్టును తెఱచి, వ్రేలితో చిత్రమును పైకి క్రిందికి లాగినచో గోడలు తిన్ననగును. ఐఫోనులో ఫొటోను కత్తిరించు చోటనే నిలువు వాలునకొకటి, అడ్డు వాలునకొకటి సవరణ కలదు. కంప్యూటరు మీద పనిచేయువారికి గింప్ అను ఉచిత సాధనము కలదు. అందు పర్‌స్పెక్టివ్ పనిముట్టును కరెక్టివ్ అను పద్ధతిలో నుంచి, వాలిన గోడ నాలుగు మూలలపైని గడి నాలుగు మూలలను ఆనించి ఒప్పుకొనినచో, ఆ గోడ దీర్ఘచతురస్రమై నిలుచును. ఎడోబ్‌వారి లైట్‌రూమ్‌లో 2013 నుండి అప్‌రైట్ అను సాధనమున్నది. తానే గీతలను వెదకి దిద్దుట యందొక పద్ధతి. మనము గీచి చూపిన గీతలను బట్టి దిద్దుట మఱియొక పద్ధతి. రెండవదానిలో ఇంటి రెండు నిలువుటంచుల వెంబడి రెండు గీతలును, గడప, చూరుల వెంబడి రెండు గీతలును, అన్నియు కలిసి నాలుగింటికి మించకుండ, గీయవలెను. యంత్రము తానే వెదకునపుడు కరెంటు తీగను గోడ యంచుగా పొరబడవచ్చును. ఇంటి గోడ యేదో ఇంటివారికి తెలియును. కాన చేతితో గీచి చూపుటయే మేలు.

ఇందులోని గణితము గొప్ప రహస్యము కాదు. ఒక్కొక్క మూలకు అడ్డున నెంత దూరము, నిలువున నెంత దూరము అను రెండు సంఖ్యలుండును. నాలుగు మూలలకు ఎనిమిది. వాలిన నాలుగు మూలలెచ్చట నున్నవో, తిన్ననైన పిదప ఎచ్చట నుండవలెనో చెప్పినచో, తక్కిన ప్రతి చుక్కయు ఎచ్చటికి జరుగవలెనో ఆ సంఖ్యలనుండి తేలును. ఒక్క నియమము మాత్రము మఱువరాదు. కటకపు దోషముచే గీతలు విల్లువలె వంగియున్నచో, ముందు ఆ వంపును తీసి, తరువాత వాలును దిద్దవలెను. వాలు సవరణ తిన్నని గీతను తిన్నని గీతగానే జరుపును గాని, వంగినదానిని చక్క చేయలేదు.

ముందు చెప్పిన పెద్దమ్మగారి యింటి చిత్రమును ఆమె మనుమడును నేనును కూర్చుండి ఈ రీతిగనే దిద్దితిమి. గోడలు నిలిచినవి గాని ఇల్లు పొట్టిగా అణచినట్లు తోచెను. నాలుగు మూలలను సరిచేసినంతమాత్రమున వెడల్పునకును ఎత్తునకును గల నిష్పత్తి తప్పక సరిగా వచ్చునని నమ్మరాదు. దానికి నిజమైన కొలత యొకటి కావలెను. ఇల్లు లేదు, కొలుచుటెట్లు? పెద్దమ్మగారు వెంటనే, "వీధి తలుపు మూడున్నర అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు. ఏటా పరదా కుట్టింది నేనే కదా!" అనిరి. తలుపు ఎత్తు వెడల్పునకు రెట్టింపగువఱకు చిత్రమును నిలువున సాగదీసితిమి. ఇల్లు తన యెత్తునకు వచ్చెను. ఇల్లాలి జ్ఞాపకమునకు అంతటి విలువ గలదు. ఇల్లున్నప్పుడే ద్వారబంధమును, కిటికీని, అరుగును టేపుతో కొలిచి వ్రాసియుంచుకొనిన వారికి ఆ జ్ఞాపకముతోడును పని యుండదు.

ఈ విద్యకు హద్దులును కలవు. మొదటిది: ఒక్క తలమునకు మాత్రమే సవరణ నిజముగా కుదురును. గోడను దిద్దినపుడు, గోడకు ముందునకు వచ్చిన బాల్కనీయు, వాకిటి తులసికోటయు తమ నిజమైన ఆకారమునకు రావు. వాని దూరము వేఱు గదా. కనబడని ప్రక్కను చూపుటయు దీనికి శక్యము కాదు. రెండవది: సాగదీసినచోట స్పష్టత తగ్గును. చిత్రమున ఇంటి పైయంచు అడుగంచులో సగమే యున్నదనుకొందము. రెంటిని సమము చేయుటకు పైయంచులోని ఒక్కొక్క చుక్క రెండు చుక్కల చోటును నింపవలెను. ఆ రెండవ చుక్క కెమేరా చూచినది కాదు, యంత్రము ఊహించినది. మూడవది: మిక్కిలి ఎత్తైన భవనమును పూర్తిగా తిన్నన చేసినచో, పైభాగము విప్పారి మీద పడుచున్నట్లు తోచును. తలయెత్తి చూచునపుడు కొంత సన్నగిల్లుటకు మన కన్ను అలవాటు పడియున్నది. కాన అట్టిచోట వాలులో కొంత మిగుల్చుట మంచిది.

ఇండ్లకే గాక, గోడమీది పటములకును ఈ దిద్దుబాటు మిక్కిలి పనికివచ్చును. నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావుగారి బాలికోన్నత పాఠశాల 1928లో స్థాపింపబడినది. బాలికలకు తెలుగున చదువు చెప్పు బడి నిజాము రాజ్యమున అరుదైన కాలమది. అట్టి బడులలో చదివిన అవ్వల తరగతి ఫొటో మీ యింటనున్నచో, చెదలకు, చెమ్మకు బలి కాకమునుపే దానికి ప్రతి తీసి యుంచుడు. పటమునకు ఎదురుగా నిలిచి తీసినచో అద్దములో మన నీడయు దీపపు వెలుగును పడును. వానిని తప్పించుటకై ప్రక్కకు జరిగి తీయుదుము. అప్పుడు పటము ఒక వైపు పొడుగుగను, ఒక వైపు పొట్టిగను వచ్చి, ఆ వైపు కూర్చున్న బాలికల ముఖములు నలిగిపోవును. చట్రపు నాలుగు మూలలను ఆధారముగా గొని దిద్దినచో పటము చక్కబడును. పటము పది అంగుళముల వెడల్పు, పండ్రెండు అంగుళముల ఎత్తు గలదియైనచో, దిద్దిన చిత్రమును ఆ నిష్పత్తికే తేవలెను. లేనిచో ముఖములు బొద్దుగనో కోలగనో మాఱును. పత్రములను ప్రతి తీయుటకు ఎడోబ్ స్కాన్ వంటివి మూలలను తామే వెదకి ఈ పనినే చేయును. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదువు పిల్లలు పుస్తకపు పుటలను ఫోనులో దాచుకొనుటకు ఇవి తోడ్పడును.

మనుష్యుల ముఖముల విషయమున మాత్రము జాగ్రత్త వహింపవలెను. వెడల్పుగా పట్టు కటకముతో గుంపును తీసినపుడు, అంచులలో నిలిచినవారి తలలు ప్రక్కకు సాగి, దేహములు లావుగా కనబడును. పెండ్లి ఫొటోలలో నడుమ వధూవరులు, పెద్దలు కూర్చుందురు. పనిలోనుండి చేయి తుడుచుకొనుచు కడపట వచ్చిన కోడలు అంచున నిలుచును. సాగుట యామె వంతగును! గోడను దిద్దు సాధనము ఈ దోషమును దిద్దదు; ఒక్కొక్కప్పుడు పెంచును. దీనికి వేఱు సవరణలు కొన్ని ఫోనులలో వచ్చినవి గాని, నాలుగడుగులు వెనుకకు జరిగి తీయుటయే అన్నింటికంటె మేలు. సెల్ఫీకిని ఇదే మాట. పండ్రెండు అంగుళముల దూరమునుండి తీసినచో ముక్కు దాదాపు నూటికి ముప్పదిపాళ్లు వెడల్పుగా కనబడునని 2018లో అమెరికా వైద్యులు లెక్కించి ప్రకటించిరి. ఫోనులో తమ ముఖమును చూచుకొని చింతించు బాలికలకు, లోపము ముక్కుది కాదు, దూరముది అని తల్లులు చెప్పవలెను.

చిత్రమును దిద్దుట అసత్యము కాదా యని కొందఱడుగవచ్చును. మేస్త్రీ దారమునకు గుండు గట్టి వ్రేలాడదీసి నిలువుగా కట్టిన గోడను, వాలినట్లు చూపుటయే సత్యమునకు దూరము. దానిని నిలువుగా చూపుట సత్యమునకు దగ్గఱ. కాని నిజముగా వాలిన గోడను నిలువుగా చూపుటయు, బీటను మాయము చేయుటయు మోసము. ఇంటి తగవులకు గాని, మునిసిపాలిటీకి పెట్టు అర్జీకి గాని, బీమాకు గాని ఫొటో నిచ్చునపుడు దిద్దని మూలచిత్రమునే ఈయవలెను. గోడమీద తగిలించుకొనుటకు దిద్దినది, పెట్టెలో దాచుటకు దిద్దనిది అని రెంటిని వేఱువేఱుగా నుంచుకొనుట గృహిణికి తగిన యేర్పాటు.

మీ యింటినో, పుట్టింటినో, చదువుకొన్న బడినో ఒకనాటి యుదయము, ఎండ తీవ్రము కాకముందు, తీయుడు. ఎదుటినుండి యొకటి, మూలనుండి యొకటి, వీధి తలుపు దగ్గఱనుండి యొకటి తీయుడు. తలుపు కొలతలు, తీసిన తేది, కట్టించినవారి పేరు చిత్రముతోకూడ వ్రాసియుంచుడు. ఇల్లున్నంతకాలము ఇదంతయు అనవసరమైన శ్రమగా తోచును. ఇల్లు లేనినాడు, అది యెట్లుండెనని పిల్లలడిగినపుడు, నిలువుగా నిలిచిన యింటిని వారికి చూపగలిగిన చాలును.